ఒకే కార్డు, ఒకే గ్రేడు, రెండు ధరలు: వేలంలో ఇలా ఎందుకవుతోంది?

హన్మకొండ_కార్డ్స్
అందరికీ నమస్తే. తొంభైల నాటి సచిన్ క్రికెట్ కార్డు (ఆటగాడి బొమ్మతో అచ్చేసేది, సేకరించేవాళ్లు దాచుకునేది) ఒకటి కొందామని కొన్నాళ్లుగా ఈబేలో చూస్తున్నా. పీఎస్ఏ అంటే కార్డు ఎంత బాగుందో చూసి పదికి ఇంత అని గ్రేడు ఇచ్చి, లేబుల్ వేసి ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసే సంస్థ. పీఎస్ఏ 9 గ్రేడులో అలాంటివి రెండు ఈమధ్యే అమ్ముడుపోయాయి. సెట్టు ఒకటే, కార్డు నంబరు ఒకటే, లేబుల్ మీద అక్షరం తేడా లేదు. సర్టిఫికెట్ నంబర్లు మాత్రమే వేరు. అయినా రెండోది మొదటిదానికన్నా దాదాపు మూడో వంతు తక్కువకు పోయింది. గ్రేడింగ్ చేయించేదే కార్డు ఎలా ఉందన్న గొడవ లేకుండా ఉండాలని కదా. మరి ఏది అసలు ధర? మొదటిది చూసి బిడ్ వేస్తే ఎక్కువ పెట్టినట్టవుతుందేమో, రెండోది చూసి వేస్తే అసలు దొరకదేమో అని టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

కాజీపేట_జంక్షన్
తమ్ముడూ, ముందు ఆ రెండు లిస్టింగుల ఫొటోలు పక్కపక్కన పెట్టి చూడు. లేబుల్ మీద 9 ఉన్నంత మాత్రాన రెండూ ఒకటే అనుకోకు. పీఎస్ఏ 2008 నుంచి అర గ్రేడులు ఇస్తోంది గానీ అవి 8.5 దగ్గరే ఆగిపోతాయి. 9కి, 10కి మధ్య మెట్టు లేదు. 10 రావాల్సింది ఒక్క మూల వల్ల ఆగిపోయిన కార్డూ, 8.5 నుంచి బొటాబొటిగా గట్టెక్కిన కార్డూ రెండూ అదే 9 డబ్బాలో కూర్చుంటాయి. బెకెట్ అనే ఇంకో గ్రేడింగ్ సంస్థ దగ్గర 9.5 ఉంది. పైగా సెంటరింగ్ (బొమ్మ ఎంత నడిమధ్యన ఉందన్నది), మూలలు, అంచులు, ఉపరితలం నాలుగింటికీ విడివిడిగా మార్కులు వేసి లేబుల్ మీద చూపించే పద్ధతి ఉంది. పీఎస్ఏ లేబుల్ మీద ఒక్క అంకె తప్ప ఏమీ తెలియదు.

సెంటరింగ్ నువ్వే కొలుచుకోవచ్చు. ఫొటోను పెద్దది చేసి, బొమ్మకు ఎడమ, కుడి పక్కల ఉన్న తెల్ల అంచు మీద స్కేలు పెట్టు. ఒక పక్క 3 మిల్లీమీటర్లు, రెండో పక్క 2 వచ్చిందనుకో, అది 60/40. అది 9కి సరిపోతుంది. కానీ అచ్చంగా నడిమధ్యన ఉన్న 50/50 కార్డు కూడా వేరే చిన్న లోపం వల్ల 9 తెచ్చుకుని ఉండొచ్చు. రెండింటినీ ఎదురుగా పెడితే ఎవరైనా రెండోదే తీసుకుంటారు. దానికి నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టడంలో వింతేమీ లేదు.

ఇంకో సంగతి. అలాంటి గట్టి 9ని కొని, డబ్బా పగలగొట్టి, 10 వస్తుందన్న ఆశతో మళ్లీ గ్రేడింగ్‌కు పంపేవాళ్లున్నారు. వాళ్లు పెట్టే ధరలో ఆ ఆశ ఖరీదు కూడా కలిసి ఉంటుంది.

కరీంనగర్_ఓపెనర్
అన్నా, మీ మాట కొంతవరకే ఒప్పుకుంటా. పది కార్డుల్లో ఏడెనిమిదింటికి ఈబే ఫొటోలో ఆ తేడాలు కనిపించనే కనిపించవు. ట్యూబ్‌లైట్ కింద ఫోన్‌తో తీసిన ఫొటో, సగం డబ్బా మీద వెలుగే ఉంటుంది. కంటికి ఒకేలా ఉన్న కార్డులు కూడా వేరు వేరు ధరలకు పోతున్నాయి. కార్డులో లేని తేడాను కార్డులో వెతికితే దొరకదు. అసలు కారణం వేలంలోనే ఉంది.

హన్మకొండ_కార్డ్స్
కాజీపేట అన్నా, కొలిచి చూశా. రెండూ ఇంచుమించు ఒకేలా ఉన్నాయి. తక్కువకు పోయినదే కాస్త మెరుగ్గా కనిపిస్తోంది! ఇప్పుడు ఇంకా అయోమయంగా ఉంది.

ఎకనామిక్స్_సుబేదారి
హన్మకొండ గారూ, ఈబేలో ధర ఎలా తేలుతుందో ఒకసారి చూస్తే మీ అయోమయం చాలావరకు పోతుంది. మీరు గరిష్ఠంగా ఇంత అని చెప్పి వదిలేస్తారు. సైట్ మీ తరఫున అవసరమైనంత మేరకే పెంచుతూ పోతుంది. చివరికి గెలిచినవాళ్లు కట్టేది తమ గరిష్ఠ మొత్తం కాదు, రెండో స్థానంలో నిలిచినవాళ్ల మొత్తానికి ఒక చిన్న మెట్టు పైన.

ముగ్గురున్నారనుకోండి. ఒకరు 500 డాలర్ల దాకా, ఇంకొకరు 480 దాకా, మూడో ఆయన 310 దాకా సిద్ధం. ఆ స్థాయిలో బిడ్‌కు మెట్టు 5 డాలర్లు. కార్డు 485కి పోతుంది. మొదటాయన కొనేశాడు కాబట్టి ఇక వెళ్లిపోతాడు. తర్వాతి వారం అచ్చం అలాంటి కార్డే వచ్చింది. ఇప్పుడు మిగిలింది 480 ఆయన, 310 ఆయన. కార్డు ఎంతకు పోతుంది? 315కి. కార్డు మారలేదు, దాన్ని కోరుకునేవాళ్ల మనసు మారలేదు, ఒక్క మనిషి తగ్గాడు. ధర మూడో వంతుకు పైగా పడిపోయింది.

అమ్మకం ధర అనేది ఆ గంటలో హాజరైన రెండో మనిషి జేబు లోతు. కార్డు విలువ మీద అందరూ కలిసి ఇచ్చిన తీర్పు కాదు. కొనేవాళ్లు వందల్లో ఉన్న కార్డుకు ఒకరు తప్పుకుంటే ఇంకొకరు ఉంటారు, ధర పెద్దగా కదలదు. మన క్రికెట్ కార్డులకు ప్రపంచం మొత్తం మీద గట్టిగా కోరుకునేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. అందుకే ఈ ఊగులాట.

ఇది కార్డులకే పరిమితం కాదు. ఆర్లీ ఆషెన్‌ఫెల్టర్ అనే ఆర్థికవేత్త వైన్ వేలాలను పరిశీలించి 1989లో రాశారు. ఒకే వైన్, ఒకే సైజు సీసాలు, ఒకే రోజు, ఒకే హాలులో వరుసగా వేలం వేసినా తర్వాతి లాట్ల ధర పెరగడం కన్నా తగ్గడమే ఎక్కువగా కనిపించింది.

మిర్చియార్డ్_ఎనుమాముల
మేడం చెప్పింది మాకు రోజూ కనిపించేదే. మా ఇంట్లో మూడు తరాలుగా మిర్చి వ్యాపారం. సీజన్‌లో పొద్దున్నే యార్డులో జెండా పాట అవుతుంది. ఆ రోజు వచ్చిన వాటిలో బాగున్న సరుకు ముందు పెట్టి పాట పాడతారు, ఆ ధర పేపర్లో వస్తుంది, ఫోన్లలో తిరుగుతుంది. అది చూసుకుని రైతు తన బస్తాల దగ్గర నిలబడతాడు. అదే తేజ రకం, అదే ఊరి పంట, పక్కపక్క చేలు. కానీ తన లాటు దగ్గరికి ఖరీదుదారు వచ్చేసరికి జెండా పాట ధర పలకదు. ఆ రోజు ఎగుమతి ఆర్డరున్న వ్యాపారి అప్పటికే కావలసినంత కొనేసి ఉంటాడు. లేదంటే మధ్యాహ్నం అయ్యేసరికి కొనేవాళ్లు పలచబడతారు.

అందుకే మార్కెట్ ధరల పట్టికలో గరిష్ఠం, కనిష్ఠం, మధ్యస్థం అని మూడూ ఇస్తారు. కార్డులు కొనేవాళ్లు గరిష్ఠం ఒక్కటే చూసి అదే రేటు అనుకుంటున్నారు. అమ్మేవాళ్లు కూడా అదే స్క్రీన్‌షాట్ తీసి చూపిస్తారు. తమ్ముడూ, నువ్వు కనీసం ఐదారు అమ్మకాలు తీసి మధ్యలోది పట్టుకో.

కరీంనగర్_ఓపెనర్
అదే నేను చెప్పేది! సూపర్, సార్.

కాజీపేట_జంక్షన్
ఒప్పుకుంటున్నా, కానీ ఆ ఐదారు అమ్మకాలు ఏ కాలానివో కూడా చూడాలి. ఇందులో అందరికీ తెలిసిన ఉదాహరణ బాస్కెట్‌బాల్ ఆటగాడు మైకేల్ జోర్డాన్ 1986 కార్డు, ఫ్లీర్ కంపెనీది, నంబరు 57. పీఎస్ఏ 10 వచ్చినవి మూడు వందలకు పైగా ఉన్నాయి, అంటే మరీ అరుదేమీ కాదు. 2021 జనవరి చివర్లో గోల్డిన్ అనే వేలం సంస్థ దగ్గర రెండు పీఎస్ఏ 10లు ఒక్కోటి 7,38,000 డాలర్లకు పోయాయి. లాక్‌డౌన్ రోజులు, ఇళ్లలో జనం, చేతుల్లో డబ్బు, అంతకుముందు ఏడాదే జోర్డాన్ మీద వచ్చిన డాక్యుమెంటరీ సిరీస్, అన్నీ కలిసొచ్చాయి. ఏడాదిన్నర తిరిగేసరికి అదే కార్డు, అదే 10, రెండు లక్షల డాలర్ల దరిదాపులకు దిగింది. 2021 ధర పట్టుకుని 2022లో కొన్నవాళ్ల సంగతి ఆలోచించండి.

ఆ వేడిలో ప్రపంచం నలుమూలల నుంచి కార్డులు వచ్చి పడి, పీఎస్ఏ వాళ్లు తట్టుకోలేక 2021 మార్చిలో చాలా సర్వీసులు తాత్కాలికంగా ఆపేశారు. ఆ కుప్ప అంతా గ్రేడై బయటికి వచ్చేసరికి చాలా కార్డుల సంఖ్య పెరిగింది. ఏ కార్డుకు ఏ గ్రేడు ఎన్నింటికి ఇచ్చారో చెప్పే పీఎస్ఏ పాపులేషన్ రిపోర్టులో నీ కార్డుకు 9లు ఎన్ని, 10లు ఎన్ని ఉన్నాయో చూడు. మొదటి అమ్మకం నాటికి ఉన్న సంఖ్య, ఇప్పటి సంఖ్య ఒకటే కాకపోవచ్చు. డబ్బా పగలగొట్టి మళ్లీ పంపినవాళ్లు పాత లేబుల్ వెనక్కి ఇవ్వకపోతే ఒకే కార్డు రెండుసార్లు లెక్కలోకి వస్తుంది, అదీ గుర్తుంచుకో.

నిజామాబాద్_లెగ్‌స్పిన్
ఎవరూ ముట్టుకోని విషయం ఒకటుంది. ఆ రెండు వేలాలు ఏ రోజు, ఏ టైముకు ముగిశాయి? అమెరికాలో బాగా అమ్మేవాళ్లు ఆదివారం సాయంత్రం ముగిసేలా పెడతారు, అందరూ ఇంట్లో ఉంటారు కాబట్టి. వేసవిలో కాలిఫోర్నియాలో ఆదివారం రాత్రి 7 గంటలంటే మనకు సోమవారం ఉదయం 7.30. పిల్లల బాక్సులు, ఆఫీసు హడావుడి. క్రికెట్ కార్డు కొనేవాళ్లలో సగం మంది మనవైపే ఉంటారు, మరి ఆ టైముకు ఫోన్ చూసేదెవరు? ఈబేలో టైము అయిపోతే అయిపోయినట్టే, ఆఖరి క్షణంలో బిడ్ వచ్చినా గడువు పెరగదు. పెద్ద వేలం సంస్థల్లో చాలావాటిలో అలా కాదు, బిడ్లు వస్తున్నంతసేపూ పొడిగిస్తారు. అందుకే ఈబేలో చివరి సెకన్లలో కాచుకుని బిడ్ కొట్టేవాళ్లు ఎక్కువ.

రెండోది, ఆ విక్రేత ఇండియాకు పంపుతానన్నాడా? ఈబే డాట్ ఇన్ 2018లో మూతపడ్డాక మనం నేరుగా అమెరికా, బ్రిటన్ విక్రేతల మీదే ఆధారపడుతున్నాం. చాలామంది తమ దేశంలోనే పంపుతామని పెడతారు. అలాంటి లిస్టింగ్ మన సెర్చ్‌లోకే రాకపోవచ్చు. సచిన్ కార్డుకు మనవాళ్లే పోటీలో లేకపోతే ఇక ధర ఎక్కడ పెరుగుతుంది!

హన్మకొండ_కార్డ్స్
నిజామాబాద్ అన్నా, మీరు చెప్పాక వెళ్లి చూశా. ఎక్కువ పలికినది బ్రిటన్ విక్రేత, ఆదివారం ముగిసింది, ప్రపంచమంతా పంపుతానన్నాడు. తక్కువకు పోయినది అమెరికాలో, బుధవారం మన తెల్లవారుజామున ముగిసింది, అమెరికాలోపలే డెలివరీ. పైగా ఆ విక్రేత ఫీడ్‌బ్యాక్ చాలా తక్కువ, కొత్త అకౌంట్. టైటిల్‌లో సచిన్ ఇంటిపేరు స్పెల్లింగ్ కూడా తప్పు.

ఎకనామిక్స్_సుబేదారి
చూశారా, ఒక్కటి కాదు, నాలుగు కారణాలు ఒకేచోట కలిశాయి. ఇంటిపేరు తప్పు ఉంటే వెతికేవాళ్లలో కొందరికి ఆ కార్డు కనిపించనే లేదు. ఫీడ్‌బ్యాక్ గురించి మంచి ప్రయోగమే ఉంది. పాల్ రెజ్నిక్, రిచర్డ్ జెక్‌హౌజర్ బృందం ఈబేలో పేరున్న పాత పోస్ట్‌కార్డుల విక్రేతతో కలిసి, జతలుగా ఒకే రకం పోస్ట్‌కార్డులను ఒకసారి ఆయన పాత అకౌంట్ నుంచి, ఒకసారి కొత్త అకౌంట్ల నుంచి అమ్మించారు. పాత అకౌంట్‌కు కొనేవాళ్లు 8.1 శాతం ఎక్కువ ఇవ్వడానికి సిద్ధపడ్డారు. 2006లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. సరుకు ఒకటే, మనిషి ఒకడే, అకౌంట్ పేరు మాత్రమే వేరు.

గ్రేడెడ్ కార్డుకు ఈ భయం తక్కువ ఉండాలి కదా అనిపిస్తుంది. కానీ నకిలీ డబ్బాలు, అసలు కార్డు సర్టిఫికెట్ నంబరు కాపీ కొట్టిన నకిలీ లేబుళ్లు మార్కెట్లో ఉన్నాయి. అందుకే కొత్త అకౌంట్ అంటే జనం వెనక్కి తగ్గుతారు.

మంచిర్యాల_మిడాఫ్
ఇంత మంచి చర్చలో నా బాధ కూడా చెప్పుకోవాలి. ఆ ఎక్కువ ధర నిజమైన ధరేనా అని ముందు అడగండి. నేను ఒక వేలంలో చివరిదాకా పోటీపడి వదిలేశా. నన్ను మించి వేసిన అకౌంట్ చరిత్ర చూస్తే బిడ్లన్నీ ఆ ఒక్క విక్రేతకే. కార్డు ఆ అకౌంట్‌కే అమ్ముడైనట్టు చూపించారు, కొన్ని రోజులకు అదే సర్టిఫికెట్ నంబరుతో మళ్లీ లిస్టింగ్. విక్రేత తన మనుషులతో ధర పెంచించుకోవడం ఈబే నిబంధనలకు విరుద్ధం. కానీ ఆ మొదటి అమ్మకం మాత్రం అమ్ముడైన వాటి జాబితాలో అలాగే నిలిచిపోయింది. దాన్ని చూసి ఇంకెంతమంది ఎక్కువ పెట్టారో. మనలాంటి వాళ్లు జీతంలోంచి తీసి పెట్టే డబ్బు ఇది, చాలా కోపం వస్తుంది.

కాజీపేట_జంక్షన్
అర్థం చేసుకోగలను తమ్ముడూ. అందుకే సర్టిఫికెట్ నంబరు రాసి పెట్టుకోవడం అలవాటు చేసుకోవాలి. అదే నంబరు కొద్ది రోజుల్లోనే మళ్లీ కనబడితే ముందరి అమ్మకాన్ని లెక్కలోంచి తీసేయాలి. గెలిచినవాడు డబ్బు కట్టకపోయినా అంతే, జాబితాలో అమ్ముడైనట్టే ఉంటుంది.

బేరం ఒప్పుకునే లిస్టింగుల్లో ఇంకో తిరకాసు. విక్రేత అడిగిన ధర మీద గీత కొట్టి ఉంటే ఆఫర్‌కు ఒప్పుకుని తక్కువకు ఇచ్చాడని అర్థం. ఎంతకిచ్చాడో ఈబే అక్కడ చూపించదు. కొట్టేసిన అంకెనే ధర అనుకుంటే లెక్క తప్పుతుంది. ఇక వేలం సంస్థల ధరల్లో కొనుగోలుదారు కమీషన్ కలిసి ఉంటుంది. 20 శాతం కమీషన్ ఉన్నచోట పాట 1,000 డాలర్ల దగ్గర ఆగితే ప్రకటించేది 1,200. ఈబేలో కనిపించే ధరలో మామూలుగా అలాంటి కమీషన్ ఉండదు. ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి ఒకటి ఖరీదు, ఒకటి చవక అనడం అన్యాయం.

మిర్చియార్డ్_ఎనుమాముల
మన దగ్గరకు చేరేసరికి ఎంతవుతుందో కూడా కలపాలి కదా. కార్డు ధరకు షిప్పింగ్, ఇన్సూరెన్స్ కలిపిన మొత్తం మీద కస్టమ్స్ సుంకం వేస్తారు, దాని మీద ఐజీఎస్టీ, ఆపైన కొరియర్ వాళ్ల చార్జీ. అమెరికాలో ఉన్నవాడు 300 పెట్టడానికి, హన్మకొండలో ఉన్నవాడు 300 పెట్టడానికి ఒకటే లెక్క కాదు. మన గరిష్ఠం ఆ ఖర్చులు తీసేశాక మిగిలేదే.

కరీంనగర్_ఓపెనర్
ఇంకో మాట, లేబుల్ చెప్పని తేడాలు. పరిమిత సంఖ్యలో ముద్రించిన కార్డుల మీద 10/99 అని నంబరు ఉంటుంది కదా, సచిన్ కార్డు మీద ఆ నంబరు పడితే అది ఆయన జెర్సీ నంబరు. ధోనీకి 7, కోహ్లీకి 18. అలాంటిదానికి పోటీ వేరే ఉంటుంది. సంతకం కార్డులైతే సిరా వెలిసిందా, స్టిక్కర్ మీద సంతకమా, నేరుగా కార్డు మీద సంతకమా అన్నవి ధరను మార్చేస్తాయి. ఇక ఆట సంగతి చెప్పనక్కర్లేదు. 2025 ఆగస్టు 4న ఓవల్‌లో సిరాజ్ ఐదు వికెట్లు తీసి 6 పరుగులతో టెస్టు గెలిపించాడు. ఆ ముందు రోజు అమ్మకాన్నీ, తర్వాతి రోజు అమ్మకాన్నీ ఒకే గాటన కట్టలేం.

ఇది చర్చకు సంబంధం లేదు గానీ, మన కల్లెడ అమ్మాయి దీప్తి జీవన్‌జి పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లలో కాంస్యం తెచ్చింది. ఆమె కార్డు ఎవరైనా వేస్తే ఏ గ్రేడైనా, ఏ ధరైనా మొదటి బిడ్ నాదే.

ఎకనామిక్స్_సుబేదారి
నేనూ కొంటాను దీప్తి కార్డు!

హన్మకొండ_కార్డ్స్
అందరికీ పేరుపేరునా థ్యాంక్స్. ఇప్పుడు ఇదే కార్డు ఇంకో పీఎస్ఏ 9 లిస్టింగ్ వచ్చింది. పాత అకౌంట్, ఇండియాకు పంపుతాడు, మన టైములో శనివారం రాత్రి ముగుస్తుంది. దొరికిన ఆరు అమ్మకాల్లో గీత కొట్టినది ఒకటి, మళ్లీ లిస్టయినది ఒకటి తీసేశా. మిగిలిన నాలుగింటి మధ్యలో ఉన్న ధర పట్టుకుని, కస్టమ్స్ ఖర్చులు తీసేసి నా గరిష్ఠం రాసుకున్నా. ఒక్కటే అనుమానం. ఫొటోలో బ్యాట్ దగ్గర సన్నటి గీత కనిపిస్తోంది. అది కార్డు మీదా, డబ్బా మీదా తెలియడం లేదు.

కాజీపేట_జంక్షన్
విక్రేతకు మెసేజ్ పెట్టి రెండు ఫొటోలు అడుగు, ఒకటి ఎదురుగా, ఒకటి డబ్బాను కాస్త పక్కకు వంచి. గీత డబ్బా ప్లాస్టిక్ మీద ఉంటే, వంచినప్పుడు బ్యాట్ దగ్గర నుంచి కొంచెం పక్కకు జరిగినట్టు కనబడుతుంది. కార్డు మీద ఉంటే ఎలా వంచినా బ్యాట్‌ను అంటిపెట్టుకునే ఉంటుంది. వెనక వైపు ఫొటో కూడా అడుగు, కింది మూలలు వెలుగులో కనిపించేలా.

హన్మకొండ_కార్డ్స్
ఫొటోలు పంపాడు అన్నా. వంచితే గీత బ్యాట్ మీద నుంచి ప్యాడ్ వైపు జరిగింది. కానీ వెనక వైపు కింద ఎడమ మూల కొద్దిగా తెల్లబడినట్టుంది.

కాజీపేట_జంక్షన్
గీత డబ్బాదే, దానికి భయపడకు. కొత్త డబ్బాలోకి మార్పించుకునే సర్వీసు పీఎస్ఏ దగ్గరే ఉంది. మూల మాత్రం కార్డుదే. ఇది 10 కోసం మళ్లీ పంపేవాళ్లకు పనికొచ్చే కార్డు కాదు, కాబట్టి వాళ్లు పోటీకి రారు. నువ్వు దాచుకోవడానికి కొంటున్నావు కాబట్టి నీకు అది మేలే. రాసుకున్న గరిష్ఠాన్ని పెంచకుండా, చివరి నిమిషంలో ఒక్కసారే వెయ్యి.